శ్రీ సౌండ్‌కార్డు విజయము

శ్రీకారంతో మొదలుపెట్టమన్నారు పెద్దలు. శ్రీమంతమూ, ధూళిధూసరితమూ, ఎడమ పక్క రేకు వదులైనదీ, మల్కాజ్‌గిరిలో ఒక మేడమీది గదిలో గోద్రెజ్ బీరువాకూ గోడకూ మధ్య కొలువుదీరినదీ అయిన 486 కంప్యూటరుకు ముందుగా నమస్కారం. పిమ్మట దాని మూషికానికి. పొట్టలో ఉండాల్సిన రబ్బరు బంతి ఎప్పుడో జారిపోయింది కనుక అది కదలదు. అయినా ఎలుకను పక్కనపెట్టి తొలిపూజ కానివ్వడం మన ఆచారం కాదు.

ప్రబంధమన్నాక పద్దెనిమిది వర్ణనలుండాలి. సముద్ర వర్ణన సఫిల్‌గూడ చెరువుతోనూ, పర్వత వర్ణన మౌలాలి గుట్టతోనూ సరిపెడుతున్నాను. వనవిహారానికి ఉస్మానియా క్యాంపస్ చెట్లున్నాయి. జలక్రీడలు నల్లా వచ్చే తెల్లవారుజామున బిందెలతో మా వీధిలోనే జరుగుతాయి. పురవర్ణనకు మాత్రం కొదవ లేదు. 1967లో వెలసిన ఈసీఐఎల్ మాకు ఇరుగుపొరుగే. 1969లోనే టీడీసీ-12 అనే పన్నెండు బిట్ల కంప్యూటరును లోకానికి చూపిన సంస్థ అది. దాన్ని నడిపిన అయ్యగారి సాంబశివరావు పేర ఇక్కడ ఏకంగా ఏఎస్‌రావు నగరే ఉంది. వేరే ఊళ్లలో మంత్రులకు దక్కే మర్యాద మా వైపు ఎలక్ట్రానిక్స్ మనిషికి దక్కింది. అటువంటి దిక్కున ఒక కంప్యూటరు మూగదై పడి ఉండడమేమిటన్నదే ఈ కావ్యానికి బీజం.

కథానాయకుడి పూర్వచరిత్ర. ఇతడు తార్నాకలో ఒకప్పుడు వెలిగి, ఇప్పుడు బోర్డు కూడా మిగలని ఒకానొక కంప్యూటర్ శిక్షణాలయంలో యౌవనం గడిపాడు. అవి డాస్, లోటస్, ఫాక్స్‌ప్రోలు త్రిమూర్తులుగా చెలామణీ అయిన రోజులు. ఏసీ గది బయట చెప్పులు విడిచి, కాళ్లు తుడుచుకుని, ముగ్గురికొక కుర్చీ లెక్కన ఆ సన్నిధికి చేరేవాళ్లం. మీట నొక్కడానికి వేలు వణికేది. అంతటి పూజలందుకున్నవాడు, గుళ్లో దేవుడిలాగే, పలికేవాడు కాదు. ఉన్నదల్లా పెట్టె అడుగున ఒక చిన్న స్పీకరు. కోపమొచ్చినా కుయ్, సంతోషమొచ్చినా కుయ్. సౌండ్‌కార్డు పెడితే పిల్లలు ఆటలాడతారని, ఆడితే ఫీజుకు న్యాయం జరగదని యాజమాన్యం భావించేది. మూతపడే రోజున సామాను అమ్మేస్తుంటే, ఆ మూగ దేవుణ్ణి ఆటోలో మెట్టుగూడ మీదుగా ఇంటికి తెచ్చుకున్నాను.

ఇక నాయిక. స్వయంవర స్థలం ఎర్రగడ్డ ఆదివారం సంత. రంపాలు, రిమోట్లు, ఒంటి బూట్లు, మిక్సీ గిన్నెల మూతలు పరిచిన పాత దుప్పటి మీద, బోర్లా పడుకుని ఉన్నది ఆమె. "టీవీ బోర్డన్నా, అసలుది. నూటయాభై ఇయ్యి," అన్నాడు అమ్మేవాడు. నేను తిప్పి చూశాను. ఒళ్లు మరకతవర్ణం. అంచున వరుసగా బంగారు పూత దంతాలు. వెనక రేకు మీద జాయ్‌స్టిక్ తగిలించే పదిహేను రంధ్రాల ద్వారం, పక్కనే వేలితో తిప్పే చిన్న శబ్దచక్రం. నడుమ నల్లటి చిప్పు మీద యమహా వారి వైఎం3812 అనే తిలకం. సౌండ్ బ్లాస్టర్ 2.0! బేరమాడలేదు. కావ్యనాయకులు బేరమాడరు.

ఆమె వంశం తక్కువది కాదు. సింగపూర్‌లో 1981లో సిమ్ వాంగ్ హూ మొదలుపెట్టిన క్రియేటివ్ సంస్థ ఇంటి ఆడపడుచు. 1989లో తొలి సౌండ్ బ్లాస్టర్ పుట్టింది, 1991లో ఈ రెండో అవతారం. గుండెలోని యమహా చిప్పుది ఇంకా పెద్ద కథ. ఒక స్వరంతో ఇంకో స్వరాన్ని వేగంగా ఊపితే కొత్త నాదం పుడుతుందని అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ చౌనింగ్ 1967లో కనిపెట్టాడు. ఆ విద్యను యమహా పుచ్చుకుంది. 1983లో డీఎక్స్7 అనే కీబోర్డుకు అదే ప్రాణం. దాని చిన్న చెల్లెలే ఈ చిప్పు. ఏకకాలంలో తొమ్మిది గొంతులతో పాడగలదు. మన రసాలు కూడా తొమ్మిదే కావడం యమహా వారికి తెలిసి చేసిన పని కాకపోవచ్చు.

కావ్యాల్లో కుకవినింద ఉంటుంది. ఇక్కడ ఆ బాధ్యత మా మేనల్లుడు స్వీకరించాడు. ఉస్మానియా ఇంజినీరింగు కాలేజీలో చదువుతాడు, శనివారాలు హాస్టల్ నుంచి బట్టల మూటతో వస్తాడు. "మామా, గా పాత ఆటల పాటలు ఫోన్ల కొడితె సాఫ్‌గ ఇనొస్తది గద. గింత తిప్పలెందుకు?" అన్నాడు.

"మహాభారతం కథ కూడా రెండు నిమిషాల్లో చెప్పెయ్యొచ్చురా. వ్యాసుడు చెప్పాడా?"

వాడు జవాబివ్వకుండా స్క్రూడ్రైవరు అందుకున్నాడు. అంటే ఓడినట్టే.

వధువుకు మంగళస్నానం ఇలా జరిగింది. బంగారు దంతాల మీద ముప్పై ఏళ్ల మసిని బడిపిల్లల రబ్బరుతో మెల్లగా రుద్దాం. పిండి రాలినట్టు నల్లని పొట్టు రాలింది, అడుగున పసుపు వన్నె తేలింది. బట్టకు కొంచెం స్పిరిట్ అద్ది తుడిచాం. ఐసా అనే పాతకాలపు స్లాటులో రెండు చేతుల బొటనవేళ్లతో సమంగా ఒత్తగా, "టక్" మని కూర్చుంది. అది తలంబ్రాల చప్పుడు. మీట నొక్కాం. పద్నాలుగు అంగుళాల తెరమీద ధూమవర్ణపు తెలుపులో అక్షరాలు లేచాయి. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కనుక మహారాజు నేటి తేదీ ఎరుగడు. డాస్‌కు తెలిసిన ఆదిదినం 1980 జనవరి 1. కల్పాదికి వెళ్లి నిలబడ్డాడు. ఈ వేళ ఏదైనా జరగవచ్చన్న ధైర్యం మాకు కలిగింది.

అప్పుడు డూమ్ ఆట పెట్టాం. 1993 డిసెంబరులో వెలువడి, ఎందరో విద్యార్థుల పరీక్షలు తప్పించిన మహాకావ్యం అది. సంగీతం వచ్చింది! తొమ్మిది గొంతుల గిటారు గిటారులాగే లేదు గానీ, గిటారు అయి ఉండాలని గట్టిగా కోరుకుంటున్న దేనిలాగో ఉంది. మేనల్లుడు ఎగిరాడు. తుపాకీ పేల్చాను. "ఢ..ఢ..ఢ..ఢ.." అని మొదటి ముక్క దగ్గరే ఇరుక్కుపోయి, ఆపైన ఆట కూడా స్తంభించింది. మీట ఆర్పితే తప్ప విడుపు లేదు.

ఇక్కడ పాఠకుడు కాస్త కష్టపడక తప్పదు. ప్రొసెసర్ మహారాజు ఎప్పుడూ లెక్కల్లో మునిగి ఉంటాడు. ఎవరైనా పలకరించాలంటే 8259 అనే చిప్పు ద్వారానే రావాలి. దానికి ఎనిమిది తీగలు, ఎనిమిది దిక్కులకు ఎనిమిదిమంది పాలకులు. సున్నా తీగ గడియారానిది, సెకనుకు పద్దెనిమిది సార్లకు పైగా రాజును తడుతుంది. ఒకటి కీబోర్డుది. రెండు పక్క సభకు దారి. మూడు, నాలుగు మౌసు, మోడెమ్‌ల వంటివారివి. ఆరు ఫ్లాపీది. ఏడు ప్రింటరుది. ఐదు ఎవరింట్లోనూ లేని రెండో ప్రింటరు కోసం ఖాళీగా పెట్టిన సింహాసనం. వీటినే ఐఆర్‌క్యూలంటారు. ఐసా కాలంలో ఒక తీగను ఇద్దరు పంచుకోవడం కుదరదు.

సంగీతానికి ఈ గోల లేదు. యమహా చిప్పుకు స్వరాలు చెబితే చాలు, రాజును లేపకుండా తనే పాడుకుంటుంది. కానీ తుపాకీ మోత రికార్డు చేసిన శబ్దం. దాన్ని డీఎంఏ అనే బంటు జ్ఞాపకశాలలోంచి మూటలు మూటలుగా మోస్తాడు, ఒక మూట అయ్యాక కార్డు తన తీగ లాగి "ఇంకోటి" అనాలి. మా నాయిక తీగ లాగుతూనే ఉంది. రాజుకు వినపడడం లేదు. కారణం చూడగా, ఏ పూర్వజన్మ యజమానో కార్డును ఏడో తీగ మీద పెట్టాడు. ప్రింటరు మా ఇంట్లో లేనే లేదు. దాని రేవు మాత్రం, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసి దిగిపోయిన ప్రయాణికుడిలా, ఏడును పట్టుకుని కూర్చుంది.

ఇక యుద్ధం. ఆయుధం జంపరు: కందిగింజంత నల్ల ప్లాస్టిక్ తొడుగు, లోపల సన్నని ఇత్తడి రేకు. రెండు సూదుల మీదికి తొడిగితే ఆ రెండూ కలుస్తాయి. దాన్ని ఏడు మీంచి తీసి ఐదు మీద వెయ్యాలి, అంతే పని. పట్టకారు అందలేదు. గోళ్లతో లాగాను. వదలలేదు. ఇంకాస్త లాగాను. వదిలింది, వదిలి గాలిలో అర్ధచంద్రాకారంగా ఎగిరి మంచం కింద అంతర్ధానమైంది. మామా అల్లుళ్లం ఫోన్ల టార్చీలు ధరించి పాతాళప్రవేశం చేశాం. దొరికినవి వరుసగా: అగ్గిపుల్ల, ఆధార్ జిరాక్సు, ఒక బొంగరం. గుమ్మంలో మా ఆవిడ నిలబడి, "నా ముక్కుపుడక పడిపోయినప్పుడు ఇంతసేపు వెతికిండ్రా?" అంది. శత్రువు బాణాలకు జవాబుంటుంది గానీ ఇటువంటి వాటికి ఉండదు. చివరికి జంపరు నా చొక్కా మడతలోనే కనబడింది.

ఐదు మీద తొడిగి, దూతను పంపాం. దూత అంటే పరీక్షించే చిన్న ప్రోగ్రాము. 220 అనే చిరునామాలో ఉన్న ఆ ఇంటికి వెళ్లి, 226వ తలుపు మీద ఒకసారి తట్టి, ఒక్క లిప్తలో చెయ్యి తీసి, 22ఏ కిటికీ దగ్గర చెవి పెడతాడు. కార్డు బతికే ఉంటే లోపలినుంచి "ఏఏ" అని రెండక్షరాల జవాబు రావాలి. ఇది పదహారు అంకెల లెక్కలో ఒక సంఖ్య, కానీ మా వీధిలో తలుపు కొట్టినా అచ్చంగా అదే జవాబు వస్తుంది. వచ్చింది.

మిగిలింది మంత్రోపదేశం. ఆటోఎగ్జిక్ అనే ఫైలులో ఒక వరుస రాయాలి: సెట్ బ్లాస్టర్, ఏ220, ఐ5, డీ1, టీ3. చిరునామా 220, తీగ ఐదు, మోసే బంటు ఒకటో నంబరు, జాతి సౌండ్ బ్లాస్టర్ 2.0. బీజాక్షరాల మధ్య ఒక ఖాళీ తప్పినా ఫలం దక్కదు. మేనల్లుడు టైపు చేశాడు, నేను ఇటుపక్క నుంచి చదివాను. పురోహితుడు, యజమాని మా ఇద్దరిలో ఎవరన్నది తేలలేదు.

మళ్లీ డూమ్. తలుపు తెరిస్తే గుర్రుమని బరువుగా జరిగింది. తుపాకీ "ఢాం" అంది, పూర్తిగా, తోకతో సహా. ఎదుటి రాక్షసుడు మూలిగి పడిపోయాడు. ఎనిమిది బిట్ల గరగర, ఒకే వైపు నుంచి వచ్చే మోత, అడుగున సన్నని హోరు. అది అందమైన శబ్దమని నేను అనను. తార్నాకలో చెప్పులు విడిచి మేం వినాలనుకున్న శబ్దం మాత్రం అదే. సరిగ్గా అప్పుడే కింద వీధిలో బోనాల ఊరేగింపు మలుపు తిరిగింది. డీజే బండి మీది పెట్టెల దెబ్బకు కిటికీ అద్దాలు అదిరాయి. మా రాక్షసుల ఆర్తనాదాలు ఆ పూటంతా నోరు కదపడం వరకే కనిపించాయి. శబ్దచక్రాన్ని చివరిదాకా తిప్పినా లాభం లేకపోయింది. కార్డులో ఉన్న చిన్న ఆంప్లిఫైయరు పోటీ పడగల సభ కాదది.

మేనల్లుడు సోమవారం పొద్దున క్యాంపస్‌కు వెళ్లాల్సినవాడు మధ్యాహ్నం దాకా కదల్లేదు. "గీ ఐఆర్‌క్యూ ముచ్చట మాకు ఒక పేరగ్రాఫుల చెప్పి ఇడిసిపెట్టిండ్రు మామా. తీగె చేత్తోని మార్చినంక సమజైంది," అన్నాడు. ఇప్పటి బోర్డుల మీద శబ్దం పుట్టుకతోనే వస్తుంది, జంపరు ఎగరదు. సుఖమే. వాడి పాఠం వాడికి మా మంచం కింద దొరకడం కూడా నిజమే.

ఫలశ్రుతి. ఇది చదివినవారికి కలిగే పుణ్యం సంగతి నాకు తెలియదు గానీ, చదివాక చెయ్యాల్సిన పని ఒకటుంది. మీ అటక మీద 386 గానీ 486 గానీ ఉంటే, ఈ ఆదివారమే రేకు విప్పి చూడండి. మదర్‌బోర్డు మీద నీలం రంగు పీపాలాంటి నికెల్ కాడ్మియం బ్యాటరీ కనబడితే కత్తిరించి తీసెయ్యండి. దానిలోంచి కారే క్షారం రాగి గీతలను తినేస్తుంది. ఇప్పటికే పచ్చని బూజు పట్టి ఉంటే కొంచెం వెనిగర్ అద్ది తుడిచి, పైన స్పిరిట్‌తో కడిగి, బాగా ఆరనివ్వండి. బ్యాటరీ లేకపోతే తేదీ 1980కి పోతుంది. ప్రతిసారీ సెట్టింగులు మళ్లీ చెప్పుకోవాలి, అంతకుమించి నష్టం లేదు. బోర్డు పోతే మాత్రం ఎర్రగడ్డలో కూడా దొరకదు.