తడి, పొడి, మూడోది

ఇంటి చెత్తను ఇంట్లోనే మూడుగా విడదీసి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి: తడి, పొడి, హానికర చెత్త. హైదరాబాద్‌లో అంతకు ముందు ఏడాదే ఇళ్లకు ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచారు. కొత్త డబ్బాలో చెత్త వెయ్యడానికి చేతులు రాక చాలామంది వాటిలో బియ్యమో నీళ్లో పోసుకున్నారు. చెత్త మాత్రం ఎప్పటిలాగే పాత పెయింటు బకెట్లోనే ఉండిపోయింది.

తడి చెత్తంటే కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, వాడిన పూలు. పూల దగ్గరే పేచీ. చట్టానికి అవి చెత్త, ఇంటి పెద్దావిడకు నిర్మాల్యం. బుట్టలో వెయ్యనివ్వదు, ఏ చెట్టు మొదట్లోనో పోయమంటుంది. బండెక్కి, యార్డుకెళ్లి, ఎరువై తిరిగొచ్చినా అవి చేరేది చెట్టు మొదలే కాబట్టి ఆవిడదే దగ్గరి దారి.

పొడి చెత్త నీలం డబ్బా దాకా రావడం కష్టం. పేపర్లు, పాల ప్యాకెట్లు పాత సామాన్లవాడి కాటా ఎక్కుతాయి. హార్లిక్స్ సీసాలో కందిపప్పు కాపురం పెడుతుంది. క్యారీ బ్యాగులన్నీ ఒక పెద్ద క్యారీ బ్యాగులో దూరి వంటింటి తలుపు వెనక వేలాడతాయి. 120 మైక్రాన్ల లోపు సంచులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధమే అయినా, తలుపు వెనక్కి తొంగిచూసే అధికారి ఎవరు? చివరికి డబ్బాకు దక్కేవి ఎవరూ కొనని చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు. వీటికి తోడు పసిపిల్లల డైపర్లను కూడా గట్టిగా చుట్టి పొడి డబ్బాలోనే వెయ్యమన్నాయి ఆ నిబంధనలు. ఇంట్లో అంతకంటే తడి వస్తువు ఇంకోటి ఉండదు.

మూడోది హానికర చెత్త: కాలం చెల్లిన మందులు, సీఎఫ్ఎల్ బల్బులు, వాడిన సూదులు, బ్యాటరీలు. బ్యాటరీ ఓ పట్టాన చెత్త కాదు. రిమోట్ పని చెయ్యకపోతే ముందు దాని వీపు మీద రెండు దెబ్బలు పడతాయి. తర్వాత బ్యాటరీలు అటుదిటు మారతాయి, కాసేపు ఎండలో పడుకుంటాయి. అక్కణ్ణుంచి గోడ గడియారంలోకి బదిలీ.

లైసెన్సు లేని చోట వందమందికి మించి జనాన్ని పిలిస్తే కనీసం మూడు పనిదినాల ముందు మున్సిపాలిటీకి తెలియజేయాలన్నది ఇదే నిబంధనల్లో మరో మాట. అక్కడి చెత్తను విడదీయించే పూచీ కూడా పిలిచినవాళ్లదే. లైసెన్సున్న ఫంక్షన్ హాలు తీసుకున్నవాళ్లకు ఈ కబురు బెడద లేకపోయింది. వీధిలో షామియానా వేసే పెళ్లివారు మాత్రం శుభలేఖల జాబితాలో మున్సిపాలిటీని కూడా చేర్చుకోవాల్సి వచ్చింది.