రెండు ఫ్రేములు

డెబ్భై రెండో ఏట మళ్ళీ పలకా బలపం పట్టాను. ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడమీద చిన్న ఎడిటింగ్ గది. నేర్పేది పాతికేళ్ళ కుర్రాడు.

నేను కోడంబాకంలో మూవియోలా ముందు బతికినవాణ్ణి. 35 ఎంఎం ఫిల్ము అంటే అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24. కోసిన ముక్కలు మెడలో దండల్లా వేలాడేవి. జాయింటు కుదరక విప్పి మళ్ళీ సిమెంటుతో అతికిస్తే ఫ్రేము పోయినట్టే. బొమ్మలో రెండు ఫ్రేములు తగ్గితే చాలు, పెదవులొక దారి, మాటొక దారి. అందుకే కత్తెర వేసేముందు ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఇక్కడ తప్పు జరిగితే కంట్రోల్ జెడ్ నొక్కమంటాడు, పోయిన ఫ్రేము తిరిగొస్తుంది. మొదటిసారి అది చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

నా చెయ్యి వణుకుతుంది. ఒకే తప్పు పదిసార్లు చేస్తాను. కుర్రాడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "పర్లేదు సార్, మళ్ళీ చేద్దాం" అంటూ టీ తెప్పించేవాడు.

నేనేమో మా రోజుల కథలు చెప్పేవాణ్ణి. అందులో ఒకటి ఎన్నిసార్లు చెప్పానో. "రీలు వేసి చూస్తే మాట జారింది. అసిస్టెంటు జాయింటులో రెండు ఫ్రేములు తినేశాడు. చెక్క స్కేలుతో వేళ్ళ కణుపుల మీద వాయించాను. మర్నాటి నుంచి రాలేదు. భయం లేనిదే విద్య రాదు నాయనా!"

అతను తలూపి వినేవాడు.

నిన్న ఒక సీను మొత్తం నా అంతట నేనే కట్ చేశాను. ఇద్దరం టీ తాగుతుంటే 2014లో వచ్చిన 'మనం' మాట వచ్చింది. నాగేశ్వరరావుగారు, నాగార్జున, నాగచైతన్య. తాత, తండ్రి, మనవడు ఒకే తెరమీద.

"మీ నాన్నగారిని కూడా తీసుకురా నాయనా. కృష్ణానగరేగా! ముగ్గురం కూర్చుని నేను కట్ చేసిన సీను చూద్దాం."

"రారు సార్."

"ఏం?"

"ఆ స్కేలు దెబ్బలు తిన్నది ఆయనే."

చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. "నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"మీరు వచ్చిన రోజే ఇంటికెళ్ళి మీ పేరు చెప్పాను. పెద్దాయన, కసురుకోకుండా నేర్పరా అన్నారు."

"ఇంకేమన్నారు?"

చాలాసేపు కీబోర్డు వైపే చూశాడు.

"ఆ జాయింటు మీరు వేసిందేనట సార్. అదొక్కటీ మీకు చెప్పొద్దన్నారు."