బొటనవేలికి డ్యూటీ దిగే వేళ లేదు

జంషెడ్‌పూర్‌లో ప్రతి పనికీ ఓ వేళ ఉంది. ఏ షిఫ్టు పొద్దున్న 6కి, బి షిఫ్టు మధ్యాహ్నం 2కి, సి షిఫ్టు రాత్రి 10కి. ఉక్కు కర్మాగారంలో కొలిమి ఆగదు గానీ మనిషి దిగిపోతాడు. దిగనిదల్లా నా బొటనవేలే. బి షిఫ్టు ముగించి కదమాలో కొంపకు చేరాక అది ఫోను మీద డ్యూటీ ఎక్కుతుంది.

"లోకంలో ఏం జరుగుతోందో తెలుసుకోవద్దా?" అంటాను మా ఆవిడతో. మొన్న తెలుసుకున్నది, విశాఖలో మా తోడల్లుడు కొత్త కారు కొన్నాడని. లైకు కొట్టాను. తర్వాత ఫొటో పెద్దది చేసి టైర్లు, నంబరు ప్లేటు, వెనకున్న మేడ, అన్నీ తనిఖీ చేశాను. మనిషి తనను తాను పక్కవాడితో పోల్చి కొలుచుకుంటాడని లియోన్ ఫెస్టింగర్ 1954లోనే సిద్ధాంతం రాశాడు. కడుపుమంట చల్లారాలంటే నాకంటే కిందున్నవాడు ఒకడు తగలాలి. వాడికోసం అర్ధరాత్రి దాకా వెతికాను. కాలేజీలో అందగాడికి బట్టతల వచ్చిందని తెలిశాకే కునుకు పట్టింది.

అసూయ ఒక్కటే అయితే సరిపెట్టుకుందును. పిల్లాడి ఫీజు మాట ఎత్తితే చెయ్యి ఫోను మీదికి పోతుంది. ఊరు గుర్తొస్తే శ్రీకాకుళం యాస వినబడే వీడియోలు వెతుక్కుని, ఎవరిదో తెలియని పెళ్లిని భోజనాలదాకా చూస్తాను. అమ్మకు ఫోను చెయ్యమంటే మాత్రం "పడుకునుంటుందిలే" అంటాను.

లాగేకొద్దీ తరగని ఈ పేజీల ఏర్పాటు 2006లో అజా రాస్కిన్ అనే అమెరికా కుర్రాడు చేశాడు. ఎందుకు చేశానా అని తర్వాత తనే వాపోయాడు. అందులో వచ్చేవన్నీ బాగుంటే విసుగెత్తి మానేద్దుం. పది చప్పగా ఉండి ఎప్పుడో ఒకటి నవ్విస్తుంది. దానికోసమే ఈ జాగారం.

నిన్న రాత్రి మా ఆవిడ ఫోను లాక్కోలేదు. "ఏమైందండీ?" అంది.

"ఏం లేదు."

"ఏం లేనప్పుడు ఇంతసేపు చూడరు మీరు."

దొరికిపోయాను. కారు సంగతి కక్కేశాను. ఆవిడ పకపకా నవ్వింది. "దానికి ఏడేళ్ల వాయిదాలట. చెల్లి రోజూ ఫోను చేసి ఏడుస్తోంది!"

ఈ ముక్క ఫొటోలో లేదు.

మీ ఇంట్లోనూ నాలాంటివాడుంటే ఫోను లాక్కోకండి. ఏమైందని అడగండి. ఏం లేదంటాడు. ఇంకోసారి అడగండి.