ఐదు వందల కోసం వెయ్యి ఖర్చు పెట్టండి

మొన్న ఆదివారం పొద్దున మా వీధిలో జీడిగింజలు కొట్టే అమ్మాయి ఒక పాలిథీన్ కవరు పట్టుకుని వచ్చింది. జీడి అంటి నల్లబడ్డ వేళ్ళతో అందులోంచి ఫోను బిల్లు జాగ్రత్తగా తీసి, "బాబాయ్, ఐదొందలు వెనక్కిస్తామన్నారు, రాలేదు. ఇందులో ఏం రాశారో చూడవా" అంది. మడత విప్పితే తెల్లకాగితం. వేడికి అచ్చయ్యే ఆ పల్చటి కాగితం పద్దెనిమిది నెలల్లో పూర్తిగా వెలిసిపోయింది. ఎండకెత్తి చూస్తే మొత్తంలోని చివరి రెండు తొమ్మిదులు మాత్రం మసగ్గా ఆనాయి.

పక్కనే ఉన్న మా తమ్ముడు, "వదిలెయ్ అమ్మా, ఐదొందల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతావా? ఆ రెండు రోజుల కూలి పోదూ?" అన్నాడు. వేటపాలెంలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. మా ఇంట్లోవాళ్ళు కూడా తిక్క సలహాలంటారు. అయినా ముప్పై ఏళ్ళు చేనేత సొసైటీలో పద్దులు రాసిన చేత్తో చెబుతున్నాను, ఐదు వందల కోసం వెయ్యి ఖర్చయినా సరే, తిరగండి.

మొదటి సలహా, ఫోను కొనేటప్పుడు ధరలోంచి క్యాష్‌బ్యాక్ తీసేసి చూడకండి. 2017 అక్టోబరులో ఎయిర్‌టెల్, కార్బన్ కలిసి ఏ40 ఇండియన్ అనే ఫోను తెచ్చాయి. ప్రకటనల్లో ధర 1,399 రూపాయలు. కౌంటర్లో కట్టాల్సింది 2,899. నెలకు 169 చొప్పున 36 నెలలు ఆపకుండా రీచార్జి చేస్తే పద్దెనిమిదో నెల తర్వాత 500, ముప్పయ్యారో నెల తర్వాత 1,000 వెనక్కి వస్తాయన్నారు. షరతులు దాచలేదు, చెప్పే అమ్మారు. కానీ కొనేవాడి మనసులో 1,399 దగ్గరే లెక్క ఆగిపోతుంది. కాగితమ్మీద వేసి చూడండి. రీచార్జులకి 6,084, ఫోనుకి 2,899, కలిపి 8,983 రూపాయలు మన జేబులోంచి ముందు పోతాయి. ఆ తర్వాతే 1,500 మాట. అదే ఏడాది జియోఫోనుకి తీసుకున్న 1,500 డిపాజిట్ కూడా మూడేళ్ళకి తిరిగిచ్చేదే, ఏటా కనీసం 1,500 రీచార్జి చేస్తేనే.

చేతికొచ్చేది నోటా, కూపనా అన్నది ఇంకో ప్రశ్న. 2018 ఫిబ్రవరిలో జియో ఫుట్‌బాల్ ఆఫర్‌లో 2,200 క్యాష్‌బ్యాక్ అంటే యాభై రూపాయల వోచర్లు నలభై నాలుగు. ఇరవై ఎనిమిది రోజుల ప్లానుకి ఒక్కోటి చొప్పున వాడుకుంటూ పోతే అవన్నీ అయిపోవడానికి మూడేళ్ళు దాటుతుంది. దాన్ని క్యాష్ అనడం నాకు ఇష్టం లేదు. మన భాషలో దాని పేరు తగ్గింపు చీటీ.

అందుకే షాపులో గొడవ పడమంటాను. కొన్నాక కాదు, కొనకముందే. "ఎన్నో తారీఖున, ఎంత, ఏ ఖాతాలోకి, ఏ నంబరు మీద" అన్న నాలుగు ముక్కలూ బిల్లు వెనక షాపువాడి చేత్తోనే రాయించి, స్టాంపు వేయించండి. తెలిసినవాడైతే, దూరపు చుట్టమైతే మరీ గట్టిగా రాయించండి, మొహమాటం ఎక్కువ ఉన్నచోటే కాగితం తక్కువగా ఉంటుంది. రాయనంటే ఫోను అక్కడే పెట్టేసి వచ్చేయండి. వెనక మీ పిల్లవాడు ఏడుస్తున్నా సరే. బిల్లుకి ఆ రోజే రెండు జిరాక్సులు తీయించండి. ఆ జీడిగింజల అమ్మాయి కవరులో దాచింది, పాపం, దేవుడి పటం వెనక పెట్టుకుంది. జిరాక్సు తీయిస్తే ఆ అక్షరాలు నిలిచేవి.

ఇంటికొచ్చాక ఆ క్యాష్‌బ్యాక్‌ని అప్పుగా రాసుకోండి. బహుమతి అనుకోబట్టే అడగడానికి సిగ్గుపడుతున్నాం. మాస్టర్ వీవరు నేతగాడికి నూలిస్తే ఇద్దరి పుస్తకాల్లోనూ బరువు పడుతుంది, చీర దిగినరోజు రెండూ సరిచూసుకుంటారు. ఇరవై గ్రాముల తేడా వచ్చినా అడిగే మనం, కంపెనీ ఇవ్వాల్సిన ఐదొందలు ఏ పుస్తకంలోనూ రాయం. నోటుబుక్కులో 'రావలసినది' అని పెట్టి, కంపెనీ పేరూ గడువు తేదీ రాయండి. రీచార్జి తేదీలు కూడా అక్కడే. ఇరవై ఎనిమిది రోజుల ప్లానయితే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు పడతాయి. నెలకొకసారని గుర్తు పెట్టుకున్నవాడికి మధ్యలో ఖాళీ రోజులు వస్తాయి. 'ఆపకుండా' అన్న షరతు అక్కడే తెగుతుంది.

గడువు దాటాక కంపెనీకి ఫోను చేయండి. మర్యాదగానే మాట్లాడండి, కాని ఫిర్యాదు నమోదైనట్టు డాకెట్ నంబరు ఇవ్వనిదే పెట్టకండి. "రెండు రోజుల్లో పడుతుందండీ" అన్న మాటకి నంబరు లేకపోతే విలువ లేదు. పరిష్కారం రాకపోతే ఆ కంపెనీలోనే అప్పీలు అధికారి ఉంటాడు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం 39 రోజుల్లో తేల్చాలి. 1915కి చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వస్తుంది, డబ్బు ఖర్చు లేదు. మీ నష్టం ఐదొందలే కాబట్టి కంపెనీవాళ్ళు వంద టాక్‌టైమ్ ఇచ్చి సరిపెట్టుకోమంటారు. నా సలహా, ఒప్పుకోకండి. రావలసింది ఐదొందలు.

క్యాష్‌బ్యాక్ పంపుతాం, పిన్ కొట్టండి అని ఎవరైనా ఎదురు ఫోను చేస్తే మాత్రం ఒక్క మాటా మాట్లాడకుండా పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో మా తమ్ముడూ నేనూ ఒకే మాట మీద ఉన్నాం.

ఇక వినియోగదారుల కమిషను. టెలిఫోను గొడవలకి వినియోగదారుల కోర్టు లేదని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది, అప్పట్నుంచీ కంపెనీలు ఆ తీర్పునే చూపేవి. 2022 ఫిబ్రవరి 16న అదే కోర్టు, వొడాఫోన్ ఐడియా కేసులో, ఆ తలుపు తెరిచే ఉందని తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడుంటే అక్కడికి పోనక్కర్లేదు. ఐదు లక్షల లోపుకి ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. ప్రకటనలో చుక్క పెట్టి కింద రాసే షరతు కూడా పైన చెప్పిన మాట ఏ భాషలో ఉందో అదే భాషలో, అదే అక్షరాల్లో ఉండాలని 2022 జూన్ మార్గదర్శకాలు అంటున్నాయి. ఆ అమ్మాయి కొన్న షాపులో పోస్టరు తెలుగులో ఉందట, షరతు ఇంగ్లీషులో ఉందట. నాకు మండింది.

ఐదొందలకి ఇంతా ఎందుకంటే, మా పక్కూరు చీరాలను చూడండి. ఊరిని మునిసిపాలిటీ చేసి పన్ను పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద చీరాల-పేరాల జనం ఇళ్ళు వదిలి రామనగరంలో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. కట్టాల్సిన పన్ను కన్నా వదులుకున్నదే ఎక్కువ. వాళ్ళని పక్కూళ్ళవాళ్ళు ఏమనుకున్నారో నేను ఊహించగలను. ఆ కాలం పత్రికలు చూడాలంటే దూరం పోనక్కర్లేదు, 1918 నుంచి మా వేటపాలెంలోనే ఉన్న సారస్వత నికేతనం గ్రంథాలయంలో అడిగి చూడండి. పాత కాగితం ఎంత విలువైనదో అక్కడి అలమరాలు చెబుతాయి.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం షాపుకి వెళ్ళాం. కంప్యూటర్లో ఉన్న బిల్లు కాపీ తీసివ్వమని అడిగాం. కుర్రవాడు కాసేపు గొణిగాడు, తర్వాత తీశాడు. అక్షరాలు నల్లగా, స్పష్టంగా పడ్డాయి. ఆ అమ్మాయి చేయి కడుక్కుని మరీ అందుకుని, "బాబాయ్, జిరాక్సు రెండా, మూడా?" అంది. మూడు తీయించాం. ఒకటి కంపెనీకి, ఒకటి నాకు, ఒకటి పటం వెనక్కి. సోమవారం నేను పోస్టాఫీసుకి వెళ్తున్నాను.