పాండవుల ఇళ్ళకు పట్టా ఎవరిది?

వారాంతం రాగానే బెంగళూరు, చెన్నై కుర్రకారుకి అరికాళ్ళు దురద పెడతాయి. ఆ రెండు ఊళ్ళకీ నడుమ తిరుపత్తూరు, దాని పక్కనే ఏలగిరి. కొండ ఎక్కడానికి 14 హెయిర్‌పిన్ మలుపులు, మలుపుకో తమిళ కవి పేరో దాత పేరో. ఎక్కేటప్పుడు సాహిత్యం, దిగాక ఆంబూరు బిర్యానీ. ఈ రెంటికీ మధ్య స్వామిమలై శిఖరం దాకా కాసేపు నడక. ఎన్ని అడుగులు వేశారో ఫోను వీళ్ళకి చెబుతుంది, వీళ్ళు ఊరందరికీ చెబుతారు.

అదే కొండల చుట్టుపక్కల ఇంకో రకం దారి ఉంది. దానికి బోర్డు లేదు, టికెట్ లేదు, కవుల పేర్లు అంతకన్నా లేవు. రెండున్నర మూడు వేల ఏళ్ళ కిందట జనం ఆ దారుల్లో తమ చచ్చినవాళ్ళ ఎముకల్ని మోసుకెళ్ళారు. టన్నుల బరువున్న రాతిపలకల్ని ఈడ్చుకెళ్ళి, నాలుగు నిలబెట్టి, ఐదోది పైన కప్పి, ముందు పలకలో గుండ్రటి కంత తొలిచి, చుట్టూ గుండ్రాళ్ళు పేర్చారు. పురావస్తు శాఖవారు వీటిని బృహత్ శిలా సమాధులంటారు. చిత్తూరు జిల్లాలో పాండవుల గుళ్ళు అంటారు. తెలంగాణలో రాక్షసి గుళ్ళు.

పాండవుల అరణ్యవాసం పన్నెండేళ్ళే. దక్షిణాదిలో వాళ్ళ పేరున ఉన్న రాతి ఇళ్ళన్నీ ఆ వ్యవధిలో కట్టాలంటే భీముడికి భోజనం చేసే తీరిక కూడా దొరికి ఉండదు. టెండర్లు లేకుండా, బిల్లులు పెట్టకుండా, ఇన్ని ఇళ్ళు కట్టి ఒక్కదానికీ శిలాఫలకం వేసుకోని హౌసింగ్ బోర్డు మళ్ళీ ఈ దేశంలో పుట్టలేదు.

ఈ దారి పట్టాలనుకునేవాళ్ళకి తిరుపత్తూరు తాలూకాలోని పైయంపల్లి మొదటి మజిలీ. 1964-65లోనూ, మళ్ళీ 1967-68లోనూ భారత పురావస్తు సర్వేక్షణ శాఖ తరఫున ఎస్.ఆర్. రావు ఇక్కడ తవ్వకాలు జరిపించారు. అడుగున కొత్తరాతియుగం, దాని మీద ఇనుము వాడిన బృహత్ శిలా యుగం బయటపడ్డాయి. కొత్తరాతియుగం జనం నేలలో గుంటలు తవ్వుకుని వాటిలో కాపురం ఉన్నారు. మాడిపోయిన ఉలవలు, పెసలు కూడా దొరికాయి. అంటే ఈ ప్రాంతంలో బతికినవాళ్ళు గుంటల్లో, చచ్చినవాళ్ళు పక్కా రాతి ఇళ్ళలో ఉండే ఏర్పాటు చాలా పాతది. పక్క కృష్ణగిరి జిల్లాలోని మయిలాడుంపారైలో దొరికిన ఇనుము క్రీస్తుపూర్వం 2172 నాటిదని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. అంత పాత ఇనుమున్న చోట దారి చూపే ఇనుప బోర్డు ఒక్కటి నిలబెట్టడం మాత్రం ఇంకా సాధ్యపడలేదు.

రెండో మజిలీ జవ్వాదు కొండలు. తిరుపత్తూరు, వేలూరు, తిరువణ్ణామలై మూడు జిల్లాలూ ఈ కొండల్ని పంచుకున్నాయి. తిరువణ్ణామలై వైపున్న కీళ్‌సెప్పిలి దగ్గర ఇలాంటి రాతి గూళ్ళు గుంపుగా ఉన్నాయి. స్థానికులు వాటిని వాలియర్ ఇళ్ళంటారు. వాలియర్లు బొటనవేలంత మనుషులట, బలం మాత్రం ఏనుగులదట. ఆకాశం నుంచి నిప్పుల వాన పడబోతోందని తెలిసి రాతి ఇళ్ళు కట్టుకున్నారని ఓ కథ. కొండ దిగి చెంగం వైపు వెళ్తే మోట్టూరులో రాళ్ళ వలయం మధ్య మనిషి ఆకారంలో చెక్కిన పెద్ద పలక నిలబడి ఉంటుంది. తల లేదు, భుజాలున్నాయి. మనదేశంలో ఎవరికైనా విగ్రహం పెట్టాలంటే ముందు కులమూ పార్టీ తెలియాలి. ఈయనవి రెండూ తెలియవు గనక దండ పడలేదు, కాకులు తప్ప వేరే ఆక్రమణదారులూ లేరు.

ఇంతకీ ఈ దారి ఎవరి పరిధిలోది?

ఇక్కడే అసలు కొండ మొదలవుతుంది. 1911 దాకా తిరుపత్తూరు సేలం జిల్లాది, చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకి కేంద్రం. ఆ ఏడాది చిత్తూరు తానే జిల్లా అయింది, ఉత్తర ఆర్కాటు కలెక్టరు వేలూరికి మకాం మార్చాడు, తిరుపత్తూరు అతని చేతికొచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు వైపుకీ, కొన్ని పల్లెలు ఆంధ్ర వైపుకీ వెళ్ళాయి. 1989లో ఉత్తర ఆర్కాటు రెండైంది. 2019లో వేలూరు మూడై, తిరుపత్తూరు సొంతంగా జిల్లా అయింది. ఒక్క అంగుళం కదలని రాళ్ళు వందేళ్ళలో ఇన్ని ట్రాన్స్‌ఫర్లు చూశాయి. రాయి అడవిలో ఉంటే అటవీ శాఖ, పొలంలో ఉంటే రెవెన్యూ, గుట్ట మీదుంటే గనుల శాఖ, జాబితాలో ఉంటే పురావస్తు శాఖ. జాబితాలో లేకపోతే అది రాయి.

జాబితాలో ఉన్నా సుఖపడిందని కాదు. కేంద్ర చట్టం ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు నియంత్రితం. 2010 సవరణతో కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చెంగల్పట్టు, కాంచీపురం వైపు పదులకొద్దీ పల్లెల పేర్లు ఈ రక్షిత జాబితాలో ఉన్నాయి. అక్కడి సమాధుల్లో నిద్రపోతున్నవాళ్ళు ఆ చట్టం చదవలేదు. పక్కనే ప్లాట్లు కొలిచేవాళ్ళు చదివీ నిద్రపోయారు.

ఉత్తరానికి తిరిగితే గుడియాత్తం. వేలూరు, గుడియాత్తం వీధుల్లో ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం మాట్లాడే కుటుంబాలకి కొదవ లేదు. ఊరి మీదుగా పారే కౌండిన్య నది చిత్తూరు కొండల్లో పుట్టి దిగుతుంది. పలమనేరు రోడ్డు పడితే రాష్ట్రం మారుతుంది, రాతి గూళ్ళు మారవు. చిత్తూరు దగ్గర పాండువరం దేవల్ అనే చోటి సమాధుల మీద మద్రాసు సైన్యానికి చెందిన కెప్టెన్ న్యూబోల్డ్ వ్యాసం రాశాడు. ఆయన 1850లో పోయాడు, వ్యాసం 1852లో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. సమాధుల ఫైలు రాసినవాడి తర్వాతే కదులుతుందన్న ఆనవాయితీ బ్రిటిషువాళ్ళే పెట్టారన్నమాట. ఇవాళ ఈ సరిహద్దుని అనుమతి లేకుండా దాటేవి ఏనుగులే. కౌండిన్య అభయారణ్యం నుంచి గుడియాత్తం పొలాల్లోకి దిగి, తిన్నంత తిని, ఏ రాష్ట్రం పంటకి రుచి ఎక్కువో తేల్చుకుని వెనక్కి వెళ్తాయి.

నడిచే మనుషులకి అనుమతి కావాలి. అందుకు కారణం లేకపోలేదు: 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి 20 మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. ఆ ఏడే తమిళనాడు ట్రెకింగ్ నిబంధనలు తెచ్చింది. 2024 అక్టోబరులో ‘ట్రెక్ తమిళనాడు’ పేరుతో 14 జిల్లాల్లో 40 దారులు తెరిచి, ఆన్‌లైన్ బుకింగ్ పెట్టి, అడవి పక్క పల్లెల యువకులకి గైడ్లుగా శిక్షణ ఇచ్చింది. మెచ్చుకోవలసిన పని. అయితే దారుల్ని తేలిక, మధ్యస్థం, కష్టం అని మూడు రకాలు చేశారు. జలపాతమో శిఖరమో చివర ఉండాలి. మూడు వేల ఏళ్ళ నాటి సమాధి చివర ఉన్న దారిని ఏ రకంలో వేయాలో ఎవరూ చెప్పలేదు.

ఇంగ్లండ్‌లో రిడ్జ్‌వే అని 87 మైళ్ళ నడకదారి ఉంది. 1973లో జాతీయ దారిగా తెరిచారు. ఏవ్‌బరీ శిలావలయాల దగ్గర మొదలై, వేలండ్స్ స్మితీ అనే రాతి సమాధి పక్కగా పోతుంది. గుర్రాన్ని అక్కడ కట్టేసి ఓ నాణెం పెట్టి వెళ్తే, తెల్లారేసరికి కనిపించని కమ్మరి నాడాలు కొట్టి ఉంచుతాడని వాళ్ళ కథ. మన వాలియర్లకి తోబుట్టువే. ఇంగ్లీషువాళ్ళేం పుట్టుకతో బుద్ధిమంతులు కారు. ఏవ్‌బరీ రాళ్ళని ఊరివాళ్ళు మంటపెట్టి, నీళ్ళు చల్లి పగలగొట్టి ఇళ్ళు కట్టుకుంటుంటే, 18వ శతాబ్దంలో విలియం స్టూక్లీ అనే ఆయన లబోదిబోమంటూ రాసిపెట్టాడు. ఆ తర్వాత 1930లలో పడిన రాళ్ళని తిరిగి నిలబెట్టారు. మనం ఇంకా మొదటి దశలో ఉన్నాం. మంట బదులు కంప్రెసర్ వచ్చింది, అంతే తేడా.

గుప్తనిధుల వేటగాళ్ళ సంగతి వేరే. పాండవుల ఇల్లంటే పాండవుల బంగారం ఉండే తీరాలని వాళ్ళ తర్కం. జూదంలో రాజ్యంతో సహా ఓడిపోయి అడవికొచ్చినవాళ్ళ దగ్గర బంగారం ఏముంటుందన్న అనుమానం గడ్డపార పట్టినవాడికి రాదు. అమావాస్య రాత్రి, నిమ్మకాయలు, కోడి, పూజారి, అద్దె జేసీబీ. దొరికేవి నలుపూ ఎరుపూ కలిసిన కుండ పెంకులు, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, పూసలు, ఎముకలు. పురావస్తువేత్తకి అదే నిధి. ఆయనకి ఆ సంగతి తెలిసేసరికి పెంకులు పిండి అయి ఉంటాయి.

ఇంతలో తెలంగాణ ఒక అడుగు ముందుకేసింది. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అక్కడి ఓ రాతి మీది గుంటల్లో సప్తర్షి మండలాన్ని గుర్తుపట్టింది హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.పి. రావు. ఆయనకన్నా ఎంతో ముందే ఆ రాళ్ళకి నిలురాళ్ళ తిమ్మప్ప అని పేరు పెట్టి, పసుపు రాసి, దణ్ణం పెట్టుకుంటూ వచ్చారు ఊరివాళ్ళు. యునెస్కో వచ్చేదాకా రాళ్ళు మిగిలి ఉండటంలో తిమ్మప్ప వాటా ఎంతో ఏ నివేదికలోనూ లెక్క కట్టలేదు.

కనుక తిరుపత్తూరు నుంచి గుడియాత్తం మీదుగా పలమనేరు దాకా ఎప్పటికైనా రాళ్ళ దారి తెరిస్తే, జవ్వాదు కొండల మలయాళి గిరిజన యువకుల్నే గైడ్లుగా పెట్టి, వాళ్ళకి రెండు జవాబులు నేర్పాలి. ఇవెవరు కట్టారని చేతులు కట్టుకుని అడిగినవాళ్ళకి ఇనుపయుగం, పైయంపల్లి, కార్బన్ పరీక్షలు చెప్పాలి. కప్పురాయి మీదికెక్కి, చొక్కా సర్దుకుంటూ, ఫోను కిందివాడికి అందిస్తూ అడిగినవాళ్ళకి వాలియర్ల గురించి చెప్పాలి: బొటనవేలంతే ఉంటారు సార్, రాత్రిపూట వస్తారు, ఇంటి మీదెక్కినవాళ్ళ బూట్ల సైజు గుర్తుపెట్టుకుంటారు. మొదటి జవాబుకి పరీక్షలో మార్కులు పడతాయి. రెండోదానికి కుర్రాడు రాయి దిగుతాడు.