డీజిల్ ఎవరు పోయాలె సారూ?

మహారాజశ్రీ గౌరవనీయులైన ఫైనాన్స్ సెక్షన్ పెద్దల సముఖమునకు, సిద్దిపేట నుంచి ఒక ప్రాజెక్టు మాస్టారు నమస్కరించి రాయు బహిరంగ లేఖ.

తమరు క్షేమమని తలుస్తాను. తమరి గదిలో ఏసీ కూడా క్షేమమే, మొన్న ఫైలు పట్టుకొని వచ్చినప్పుడు చూశాను. జనరేటర్‌లో డీజిల్ పోయించమని నేను పెట్టుకున్న అర్జీ మీద తమరు “సదరు ఖర్చు ప్రాజెక్టు నిధుల నుంచే భరించవలెను” అని గుండ్రటి అక్షరాలతో రాసి పంపారు. అక్షరాలు నిజంగా బాగున్నాయి. ఓవర్‌హెడ్ అన్న మాట ఎక్కడైనా కనబడుతుందేమోనని కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను.

మొన్నటి గాలివానకు రాత్రంతా కరెంటు లేదు. జనరేటర్ ఉంది, దాని ట్యాంకులో చుక్క లేదు. మైనస్ 80 ఫ్రీజర్ తెల్లారేసరికి మైనస్ 20 దాటి పైకొచ్చింది. అందులో ఉన్నది ఐస్‌క్రీమ్ కాదు సారూ. 2020లో రంగనాయక సాగర్ రిజర్వాయర్ నింపకముందు చంద్లాపూర్ చెల్కల్లో తీసిన మట్టి, ఆ మట్టిలోంచి వేరుచేసిన బ్యాక్టీరియా. కాలువ నీళ్లు పారినంక భూమిలో ఏం మారిందో చూడాలన్నదే మా ప్రాజెక్టు. మళ్లీ పోయి తెద్దామంటే ఆ చెల్కల్ల ఇప్పుడు వరి ఉన్నది. నీళ్లు రాకముందటి మట్టిని ఏ టెండర్ పిలిచి కొనాలె? సర్కారు కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌ల దొరుకుతదా?

ప్రాజెక్టులకు పైసలిచ్చే కేంద్ర సైన్స్ శాఖ, డీఎస్‌టీ, నిబంధన తమరికి తెలియనిది కాదు. కోటి రూపాయల్లోపు ప్రాజెక్టు అయితే విద్యాసంస్థకు 10 శాతం, కేంద్ర ప్రయోగశాలకు 8 శాతం ఓవర్‌హెడ్. ఎందుకట? కరెంటు, నీళ్లు, గది, ఆఫీసు సిబ్బంది, ఈ భారమంతా సంస్థ మోస్తది కాబట్టి. మా మొదటి విడత రాంగనే ఆ పది తమరు మినహాయించుకున్నరు. తమరి సెక్షన్‌ల అంత జోరుగా కదిలిన కాగితం నేను ఇంకొకటి చూడలేదు.

అమెరికాల దీని మీదనే పెద్ద లొల్లి నడిచింది. పరోక్ష ఖర్చులు 15 శాతం దాటొద్దని 2025 ఫిబ్రవరిల అక్కడి వైద్య పరిశోధనలకు పైసలిచ్చే ఎన్‌ఐహెచ్ ఉన్నట్టుండి ఉత్తర్వు తెచ్చింది. హార్వర్డ్‌కు అప్పటిదాకా 69 శాతం. రాష్ట్రాలు, యూనివర్సిటీలు కోర్టుకెక్కినయి. బోస్టన్ కోర్టు ఆపింది, 2026 జనవరిల అప్పీలు కోర్టు కూడా ఎన్‌ఐహెచ్ మాట చెల్లదన్నది. అక్కడ పోస్ట్‌డాక్ చేస్తున్న మా మేనల్లుడు “మామా, పదిహేనుకు దించితే మా ఎలుకల గది మూతపడ్తది” అని ఫోన్ల మొత్తుకున్నడు. మాకు పదే గదరా అంటే నమ్మలేదు. కొంచెం సేపాగి, “మరి మీ ఫ్రీజర్‌కు బ్యాకప్ ఎవరిస్తరు?” అని అడిగిండు. నేను వాళ్లమ్మ మోకాళ్ల నొప్పి సంగతి తీసిన.

నన్నడిగితే పది తక్కువ. ఓవర్‌హెడ్ దండగ అని ఏడ్చేటోణ్ని కాదు నేను. ఒక్క ఫ్రీజర్ తాగే కరెంటు ఎంతో నాకు ఎరుకే. పదిహేను చేయమని ఢిల్లీకి అర్జీ రాస్తే మొదటి సంతకం నాదే. కానీ ఉన్న పది ఎటు పోయిందో ముందు చెప్పాలె గద? గేటుకు కొత్త కమాను కట్టిండ్రు, మంచిగుంది. అందులో మా మట్టి పైసలు ఎన్ని ఉన్నయో నేను అడగ. అడిగితే ఫైలు ఇంకో బల్ల మీదికి పోతది.

జూనియర్ రీసెర్చ్ ఫెలో, అదే జేఆర్‌ఎఫ్‌కు, నెలకు 37,000 అని 2023 నుంచి కాగితం మీద ఉన్నది. మా ప్రాజెక్టు పిల్లకు అవి ఎప్పుడొస్తయో ఆమెకూ తెల్వదు, హాస్టల్ వార్డెన్‌కూ తెల్వదు. మార్చి 31 వస్తే ఖర్చుగాని పైసలు వెనక్కి పోతయి, కొత్తవి వానకాలం దాకా రావు. 2024 జూలై బడ్జెట్‌ల ల్యాబ్ రసాయనాల మీద దిగుమతి సుంకం 10 నుంచి 150 శాతం చేసి కొద్దిరోజులకే వెనక్కి తీసుకున్నరు. ఆ నడుమ సప్లయర్ ఇచ్చిన కొటేషన్ నా సొరుగుల ఉన్నది, గుండె గట్టిగా ఉన్నోళ్లు వచ్చి చూడొచ్చు. 2025 జూన్‌ల కేంద్ర ఆర్థిక శాఖ పరిశోధనా సంస్థలకు కొటేషన్ లేకుండా కొనే హద్దు లక్ష నుంచి రెండు లక్షలు చేసింది. అది కేంద్ర సంస్థలకట, మనకు గాదట. తమరే సెలవిచ్చిండ్రు.

ఇవన్నీ పోనీ. యూసీ, అదే వినియోగ ధ్రువపత్రం, సంగతి చెప్పుండ్రి. దాని ఫారం జీఎఫ్‌ఆర్ 12-ఏ నింపి పంపిండ్రు, దాని ఎంబడి ఖర్చుల పట్టిక. ఓవర్‌హెడ్ ఎదురుంగ మొత్తం ఖర్చయినట్టు అంకె. మంజూరైన పనికే ఖర్చయిందని తమరి సంతకం పక్కన నా సంతకం గావాలె. నేను కండ్ల చూడని పైసలకు నేను సాక్షిని! పెట్టకుంటే రెండో విడత రాదు, ఆ పిల్ల జీతం రాదు. పెడితే ఏమైతదో ఆడిట్ వాళ్లు వచ్చిన్నాడు తెలుస్తది, అప్పుడు తమరు బదిలీ మీద ఇంకెక్కడనో ఉంటరు.

ఎగతాళి చాలు సారూ, దండం పెడ్త. ఫ్రీజర్ కింది అరల ట్యూబులు ఇంకా గడ్డకట్టే ఉన్నయి, వానలు ఇంకా అయిపోలేదు. ఓవర్‌హెడ్ ఇంత వచ్చింది, కరెంటుకు ఇంత, నీళ్లకు ఇంత, కమానుకు ఇంత అని ఒక్క పేజీ రాసియ్యండి. కమాను అని రాసినా నేను ఏమీ అన. ఆ పేజీ అందిననాడే సంతకం పెట్టి యూసీ నేనే తెచ్చిస్త, అటెండర్‌ను పంపేది లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
ప్రాజెక్టు మాస్టారు, సిద్దిపేట