సిస్టము సారు

కరీంనగరమున టవర్ సర్కిల్ చుట్టుపట్ల సందులలో, ఏ మేడమెట్ల క్రిందనో ఒక కుర్చీ పట్టునంత తావు సంపాదించుకొని, మూతలు తీసిన సీపీయూల నడుమ ఆసీనుడై, ఫోనును చెంపకును భుజమునకును మధ్య నిరికించుకొని, ఇంకను ముట్టనైన ముట్టని యంత్రమును గూర్చి "అయిపోయిందన్నా, ఇగ బిగిచ్చుడే ఉన్నది" అని అభయమిచ్చుచుండు మహానుభావుడే సిస్టము సారు. మంథని మొదలు నిర్మల్ దనుక గల మీసేవవారును, పెండ్లిపత్రికలు కొట్టు డీటీపీవారును, కంప్యూటరు మొరాయించిన దినమున దానిని తువ్వాలలో చుట్టి బస్సెక్కి ఆయన కడకే వత్తురు.

ఆయన ప్రశ్నలడుగడు; హార్డ్‌డిస్కుకు చెవి యానించును. నిమిషమునకు 7,200 మార్లు తిరుగు పళ్లెముపై తన త్రోవ దొరకని శీర్షము మాటిమాటికి వెనుకకు మరలుచు చేయు "టక్ టక్" వినబడగానే కనులు మూసి, "దీని పని ఒడిసింది" అనును. ఇంతవరకు ఆయన పాండిత్యము నిర్దుష్టము. చిక్కంతయు కారణము చెప్పుటలోనే: గ్రానైటు క్వారీవానితో దుమ్మనియు, రామగుండమువానితో ఎండయనియు, ఆదిలాబాదువానితో చలియనియు చెప్పును, కరెంటుకోత మాత్రము అందఱికిని సమానము.

ఆ డిస్కు నూడబెఱికినంత మాత్రమున కథ ముగియదు. వేగము కొఱకని మునుపు తానే కొత్త ఎస్ఎస్‌డీని బిగించి, "పాతది ఉండనీయుండ్రి, ఫొటోలకు పనికొస్తది" అని దానిని తీయకయే విండోస్ ఎక్కించి యుండెను గదా! అట్లెక్కించునపుడు విండోస్, పాత డిస్కుపై నదివఱకే యున్న సిస్టము విభాగమును చూచి, బూట్ మేనేజరును బీసీడీ పట్టికను అక్కడనే భద్రపఱచును. ఇల్లంతయు కోడలు నడపుచుండగా తాళపుచెవుల గుత్తి మాత్రము మంచము పట్టిన అత్తగారి నడుముననే యున్నట్లాయెను. పాతది తీయగానే తెరపై "బూట్ డివైసు లేదు" అని తెల్లని యక్షరములు. సారు దానిని చూచి, ఎవరో పరాయివాడు చేసిన పాడుపనియైనట్లు తల యూపును.

అయినను ఆయన కొక సుగుణము కలదు. చచ్చుచున్న డిస్కుపై చెక్‌డిస్కు నడిపి ఉన్న ప్రాణమును కూడ తీయువారు పెక్కండ్రుండగా, ఈయన ముందుగా లోని సరకును వేఱొక డిస్కునకు నకలు తీయును. పిదప పాతదానిని విప్పి, పెన్‌డ్రైవుతో యంత్రమును లేపి, విండోస్ విభాగమును "యాక్టివ్" చేసి, బీసీడీబూట్ అను ఒక్క ఆజ్ఞ కొట్టగా బూట్ ఫైళ్లు కొత్త యింట చేరును. యూఈఎఫ్ఐ యంత్రమైనచో ఫాట్32 విభాగమొకటి వేఱుగా కావలెను. అప్పుడొక చాయ యెక్కువ త్రాగును.

నకలు సంగతి యటుంచి, ఆ ఆజ్ఞకు పట్టునది నిమిషము. యంత్రము కదలునది మూడవనాడు. ఇదేమని యడుగగా సారు స్క్రూడ్రైవరు క్రింద పెట్టి, గొంతు తగ్గించి యిట్లనెను:

"నిమిషంల జేసిస్తె ‘గింతేనా’ అని యాభై చేతిల వెడ్తరు సార్. మూడొద్దులు ఉంచుకుంటె చాయ్ తాపి ఐదువందలిస్తరు."

అని, బిల్లుపై "మదర్‌బోర్డు క్లీనింగు" అని వ్రాసెను.